కట్టు కట్టిన చెయ్యీ – ఆగని సాధనా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మా ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడవారగా ఒక వీణ ఉంటుంది. పాత పట్టుచీర కత్తిరించి దానికి గలేబు కుట్టాను. కిందటేడు ఒకరోజు ఆ గలేబు తొడిగి, మళ్ళీ దీన్ని విప్పుతానో లేదో అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. పెద్ద ఆపరేషనేం కాదు లెండి. కుడి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి, రాత్రయ్యేసరికి బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ తిమ్మిరెక్కి నిద్ర పట్టేది కాదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. డాక్టరుగారు చూసి, "దీన్ని కార్పల్ టనెల్ అంటారమ్మా. ఆడవాళ్ళలోనే ఎక్కువగా చూస్తుంటాం. చిన్న కోత పెట్టి, నరాన్ని నొక్కుతున్న పట్టీని వదులు చేస్తే సరిపోతుంది" అన్నారు. పొద్దున వెళ్ళినదాన్ని సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేశాను. పన్నెండో రోజున కుట్లు విప్పారు.

అంతటితో కథ అయిపోతే ఈ ప్రసంగమే అక్కర్లేదు. నన్ను పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ "వంట ఎవరు చేస్తున్నారు?" అని అడిగారు. "బట్టలు ఎవరు ఆరేస్తున్నారు?" అని అడిగారు. "వీణ సంగతేమిటి?" అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళని అనడానికి లేదు. నేనూ పైకి అనలేదు కదా! వంటకి మనిషిని పెట్టుకోవచ్చు, బట్టలకి మిషను ఉంది. మన బదులు మరొకరు చెయ్యడానికి వీల్లేని పని ఇంట్లో అదొక్కటే. కానీ అందరికంటే ముందు ఆగిపోయేదీ అదే.

నా బెంగకి కారణం ఉంది. మా మేనత్త వీణ బాగా వాయించేది. ముప్ఫై ఏళ్ళ కిందట ఆవిడకి కడుపు ఆపరేషను అయింది. బరువులు ఎత్తవద్దు, మూడు నెలలు వీణ పక్కన పెట్టమన్నారు. మూడు నెలలూ గడిచాయి. ఈలోగా మా బావకి పరీక్షలు వచ్చాయి. ఆ తరవాత వదిన పురుడు. ఆ పైన మామగారి మంచాన పడ్డ రోజులు. ఆ మూడు నెలలు ముప్ఫై ఏళ్ళయ్యాయి. అత్తయ్య చేతికి ఏ జబ్బూ లేదు, ఇప్పటికీ చక్కగా చేగోడీలు చుడుతుంది. వీణ మాత్రం అటక మీదే ఉండిపోయింది.

అందుకని చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళూ నేను ఒకటే పని పెట్టుకున్నాను. ఇలా మధ్యలో చెయ్యి మొరాయించిన వాయిద్యకారులు ఏం చేశారు? ఎవరు మళ్ళీ వాయించారు, ఎవరు వాయించలేకపోయారు, ఎందుకని? ఎడమచేత్తో పుస్తకాలు తిరగేస్తూ, ఫోనులో పాత వ్యాసాలు చదువుతూ ఉంటే ఒక కథ గొలుసులా దొరికింది. అది జర్మనీలో ఒక పియానో మాస్టారి ఇంట్లో మొదలై, దాదాపు నూట తొంభై ఏళ్ళు నడిచి అమెరికాలో ముగిసింది. అంతా ఐరోపా సంగీతం కథ. అయినా చెయ్యి చెయ్యే కదండీ! ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

1830లో లైప్‌జిగ్ పట్టణంలో ఫ్రీడ్రిక్ వీక్ అనే పియానో గురువుగారి ఇంట్లో ఒక ఇరవై ఏళ్ళ కుర్రవాడు వచ్చి చేరాడు. పేరు రాబర్ట్ షూమన్. అంతకు ముందు న్యాయశాస్త్రం చదువుతూ, ఆ చదువు మనసుకి పట్టక, పియానో విద్వాంసుణ్ణవుతానని తల్లిని ఒప్పించి వచ్చాడు. ఆ వయసుకి అది ఆలస్యమే. ఆ ఇంట్లోనే గురువుగారి కూతురు క్లారా, పదకొండేళ్ళ పిల్ల, అప్పటికే సభల్లో వాయిస్తోంది. పక్కగదిలో అంత చిన్నపిల్ల అలా వాయిస్తూ ఉంటే ఈ కుర్రవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. జరిగిపోయిన కాలాన్ని ఒక్కసారిగా పట్టుకోవాలనుకున్నాడు.

కుడిచేతి మధ్యవేలు సరిగా లొంగడం లేదని అతనికి అనిపించింది. దాన్ని దారికి తేవడానికి, వేలిని పట్టి ఉంచే ఒక సాధనాన్ని వాడాడు. 1832 నాటి డైరీలో ఆ సంగతి రాసుకున్నాడు. వేలు బాగుపడలేదు సరికదా, ఇంకా మొండికేసింది. అప్పుడు వైద్యాలు మొదలయ్యాయి. మూలికల పట్లు వేశారు. సారాయితో కడిగారు. విద్యుత్తు పెట్టారు. అప్పుడే కోసిన జంతువు పొట్టలో, ఆ వెచ్చదనంలో చెయ్యి పెట్టి ఉంచమన్నారు. హోమియోపతీ మందూ అయింది. ఏదీ పని చెయ్యలేదు. ఆ సాధనమే వేలిని పాడుచేసిందని చాలాకాలం అందరూ అనుకున్నారు. ఇప్పటి నరాల వైద్యుల్లో పలువురు మరో మాట చెబుతున్నారు. అతిగా, ఒకే పనిని పదేపదే చేయించడంవల్ల మెదడుకీ వేలికీ మధ్య పొత్తు చెడిపోయే జబ్బొకటి ఉంది, డిస్టోనియా అంటారు, షూమన్‌ది అదే అయి ఉండవచ్చునని వాళ్ళ అభిప్రాయం. ఏదైతేనేం, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ అక్కడితో తీరిపోయింది. ఆయన స్వరకర్త అయ్యాడు, గొప్ప స్వరకర్తే అయ్యాడు. కానీ తాను రాసినదాన్ని తన చేత్తో నలుగురిలో వాయించే భాగ్యం పోయింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. అదే ఇంట్లో, అదే గురువు దగ్గర, క్లారాకి సాధన ఎంతసేపో తెలుసా? ఒక గంట పాఠం, రెండు గంటల సాధన. తండ్రి కఠినుడే, పిల్ల మీద పెత్తనం చాలా చేసినవాడే. కానీ చేతుల విషయంలో మాత్రం లెక్క తప్పనివ్వలేదు. రోజూ పిల్లని చాలాదూరం నడకకి పంపేవాడు. ఒకే కప్పుకింద ఒకరు చేతిని తొందరపెట్టారు, మరొకరికి చేతిని మన్నించడం నేర్పారు. ఆ తేడా ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

క్లారా, రాబర్ట్ ప్రేమించుకున్నారు. తండ్రి వద్దన్నాడు, కోర్టుదాకా వెళ్ళారు. 1840 సెప్టెంబరు 12న, క్లారాకి ఇరవై ఒకటి నిండడానికి ఒక్కరోజు ముందు పెళ్ళయింది. అప్పటికే ఐరోపాలో ఆవిడ పేరు మారుమోగిపోతోంది. మరి కాపురానికి వచ్చాక? ఇంట్లో రెండు పియానోలు, పలచటి గోడలు. భర్త స్వరరచనలో ఉన్నప్పుడు ఈవిడ వాయిస్తే ఆయనకి ధ్యానభంగం. అందుకని ఆయన రాసుకుంటున్నంతసేపూ ఈవిడ పియానో మూత దించే ఉండేది. రోజంతటిలో తనకంటూ ఒక్క గంట దొరకడం లేదని, వాయిద్యంలో వెనకబడిపోతున్నానని 1841లో తన డైరీలో వాపోయింది. అది చదివినప్పుడు నాకు మా అత్తయ్య కళ్ళముందు కనిపించింది. దేశమేదైనా, వాయిద్యమేదైనా, ఆ గంట దగ్గరే మన ఆడవాళ్ళందరికీ చిక్కు!

క్లారాకి ఎనిమిదిమంది పిల్లలు. ఒక బిడ్డ పసితనంలోనే పోయాడు. 1854లో రాబర్ట్‌కి మతి చలించి, ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. అప్పటికి క్లారా గర్భిణి. రెండేళ్ళకి, 1856లో ఆయన పోయారు. ఇంటెడు పిల్లలతో ఆవిడ, చేతిలో పియానో విద్య. ఆ విద్యతోనే సంసారాన్ని ఈదింది. ఊరూరా కచేరీలు చేసింది. తరచూ ఇంగ్లండు ప్రయాణం కట్టేది. అంటే మనలాగ సరదాకి వాయించడం కాదు, ఆ చేతులు ఆడితేనే పిల్లలకి అన్నం.

అలాంటి చేతికి నొప్పి వచ్చింది. అప్పటికి ఆవిడకి యాభైనాలుగేళ్ళు. 1874 జనవరిలో ఇంగ్లండు ప్రయాణం మానుకుంది. జూలైలో వైద్యుడికి చూపించుకుంది. ఆయన చేతికి మర్దన చేయించి ఒక్కటే నియమం పెట్టాడు. సాధన రోజుకి ఒక గంట మించకూడదు! జీవితమంతా పియానో ముందు కూచున్న మనిషికి అది శిక్షలాంటిది. అయినా మాట విన్నది. ఆ సంవత్సరం మిగతా రోజులన్నీ కచేరీలు లేకుండా గడిపింది. 1875 మార్చిలో మళ్ళీ వేదిక ఎక్కింది. మేలో నొప్పి తిరగబెట్టింది, ఉత్తరం రాయడానికి కూడా చెయ్యి రాలేదట. మళ్ళీ ఆగింది. అక్టోబరు నాటికి కోలుకుని జర్మనీలో పర్యటనకి బయలుదేరింది.

చూశారా, మెట్లెక్కినట్టు తిన్నగా నయమైపోలేదు. ఒక అడుగు ముందుకి, అర అడుగు వెనక్కి. ఆపరేషను తరవాత మనందరికీ జరిగేదీ అదే. నిన్న బాగున్న చెయ్యి ఇవాళ మళ్ళీ సలుపుతుంది. "అయ్యో, అంతా పాడైపోయింది" అని దిగులుపడి, సంగీతానికే దణ్ణం పెట్టేస్తాం. క్లారా పెట్టలేదు. ఆ ఒక్క గంట ఎంత చిన్నదైనా రోజూ పట్టుకుని కూచుంది.

రెండేళ్ళ తరవాత, 1877 వేసవిలో జరిగిన ముచ్చట నాకు అన్నిటికంటే ఇష్టం. క్లారా సముద్రతీరాన కీల్ అనే ఊరు వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే, బల్ల సొరుగు లాగబోతే కుడిచేతి నరం పట్టేసింది. చూడండి, ఇంత ఐరోపాని మెప్పించిన చెయ్యి, ఆఖరికి సొరుగు దగ్గర దెబ్బతిన్నది! మనకి స్టోరు డబ్బా మూత దగ్గర, చపాతీ కర్ర దగ్గర, తడిబట్టలు పిండేచోట జరిగేదే ఆవిడకీ జరిగింది. సరిగ్గా అప్పుడే టపాలో ఒక కట్ట వచ్చింది. పంపినవాడు యోహన్నెస్ బ్రామ్స్. పెద్ద స్వరకర్త, షూమన్ దంపతులకి ఆప్తుడు. క్లారా కంటే పద్నాలుగేళ్ళు చిన్న.

ఆ కట్టలో ఉన్నది బాహ్ మహాశయుడి షకోన్. దాదాపు 1720 ప్రాంతంలో, ఒంటరి వయొలిన్ కోసం ఆయన రాసిన రచన. పక్కవాద్యం ఉండదు, నాలుగు తీగల మీద ఒక ప్రపంచమంతా. బ్రామ్స్ దాన్ని పియానోకి మార్చాడు, అదీ ఎడమచేతికి మాత్రమే. రెండు చేతులూ పెడితే ఆ రచనలోని కష్టం పోతుంది, ఒక్క చేత్తో వాయిస్తేనే తనకి వయొలిన్ వాద్యకారుడి అనుభవం కలుగుతుందని ఆయన ఉద్దేశం. దగ్గర గొప్ప వయొలిన్ విద్వాంసుడు లేనప్పుడు ఆ రచనని మనసులో మోగించుకోవడమే పరమసుఖం అన్న అర్థం వచ్చేట్టు కూడా ఆ ఉత్తరంలో రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

క్లారా కుడిచెయ్యి పట్టేసిందని ఆయనకి తెలియదు. ఆవిడ జవాబు రాస్తూ, సొరుగు సంగతి చెప్పి, ఈ సమయంలో ఈ షకోన్ తనకి పెద్ద ఆసరా అయిందని సంతోషపడింది. కుడిచెయ్యి విశ్రాంతిలో ఉంటే ఎడమచెయ్యి కచేరీ చేసిందన్నమాట. ఆ మరుసటి సంవత్సరం, 1878లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా పెట్టిన సంగీత కళాశాలలో ఆవిడ గురువుగా చేరింది. సభల్లో ఆఖరుసారి వాయించింది 1891లో. అప్పటికి డెబ్బై ఒకటి. చేతిని తొందరపెట్టిన భర్త ఇరవై రెండేళ్ళకే వాయిద్యానికి దూరమైతే, చేతి మాట విన్న భార్య డెబ్బై దాటేదాకా వాయించింది.

ఇక్కడి నుంచి కథ వియన్నా వెళుతుంది. ఆ నగరంలో బ్రామ్స్ వచ్చిపోయే ఇళ్ళలో ఒకటి విట్గెన్‌స్టైన్ అనే పెద్ద ఉక్కు వ్యాపారిది. ఆ ఇంటి పిల్లల్లో ఇద్దరు లోకప్రసిద్ధులయ్యారు. ఒకడు తత్త్వవేత్త లుడ్విగ్. రెండోవాడు, అతని అన్న, పియానో వాద్యకారుడు పాల్. 1913 డిసెంబరులో పాల్ తొలి కచేరీ జరిగింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1914 ఆగస్టులో కుడి మోచేతికి తూటా తగిలి, యుద్ధరంగం దగ్గరి ఆస్పత్రిలో చెయ్యి తీసేశారు. తెలివి వచ్చేసరికి ఆస్పత్రి రష్యావాళ్ళ వశమైంది. అతన్ని ఖైదీగా సైబీరియాలోని ఓమ్స్క్ తీసుకువెళ్ళారు.

ఇది చిన్న ఆపరేషను కాదు, నా మణికట్టుతో దీన్ని పోలిస్తే నాకే సిగ్గేస్తుంది. కానీ ఆ ఖైదులో అతను చేసిన పని మాత్రం మనందరికీ పనికొస్తుంది. ఒక చెక్కపెట్టె సంపాదించాడు. దాని మీద బొగ్గుతో పియానో మెట్లు గీశాడు. ఆ బొమ్మ మెట్ల మీద ఎడమచేతి వేళ్ళు ఆడిస్తూ, తనకి వచ్చిన రచనలన్నీ ఒక చేతికి ఎలా ఒదుగుతాయో గంటల తరబడి వెతుక్కున్నాడు. శబ్దం లేదు. చూసేవాళ్ళకి పిచ్చివాడిలా కనిపించి ఉంటాడు. అతనికి మాత్రం లోపల అంతా వినిపిస్తూనే ఉంది. 1915 చివరలో ఖైదీల మార్పిడిలో ఇంటికి చేరాడు. అతని గురువు యోసెఫ్ లాబోర్ చూపులేని మనిషి. ఆయన శిష్యుడి కోసం ఎడమచేతికి ఒక రచన చేశాడు. 1916 డిసెంబరులో వియన్నాలో పాల్ దాన్ని సభలో వాయించాడు. తరవాత ఎందరో స్వరకర్తల చేత ఎడమచేతికి రచనలు చేయించుకున్నాడు. వాటిలో మకుటంలాంటిది ఫ్రాన్సు స్వరకర్త మోరిస్ రావెల్ రాసిన కన్‌చెర్టో. 1932 జనవరి 5న వియన్నాలో దాన్ని మొదటిసారి పాలే వినిపించాడు. క్లారా సొరుగు దగ్గర దెబ్బతిన్న రోజుల్లో ఆవిడని ఆదుకున్న ఆ షకోన్ కూడా ఇతని కచేరీల్లోకి వచ్చింది.

గొలుసులో ఆఖరు కొక్కెం అమెరికాలో ఉంది. లియోన్ ఫ్లైషర్ 1928లో పుట్టాడు. 1952లో బ్రసెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. అది గెలిచిన తొలి అమెరికన్ అతనే. ముప్ఫై ఆరేళ్ళ వయసులో, 1964 ప్రాంతంలో, కుడిచేతి ఉంగరపువేలూ చిటికెనవేలూ అతని మాట వినకుండా లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. అతనేం చేశాడు? చేతిలో బలం తగ్గిందనుకుని ఇంకా ఎక్కువ సాధన చేశాడు. నొప్పి పెడుతున్నా చేశాడు. చివరికి ఆ రెండు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకునే ఉండిపోయాయి. నూట ముప్ఫై ఏళ్ళ కిందట లైప్‌జిగ్‌లో జరిగిన పొరపాటే మళ్ళీ జరిగింది!

చాలా కుంగిపోయాడు. తరవాత తేరుకుని, విట్గెన్‌స్టైన్ కోసం రాసిన రావెల్ కన్‌చెర్టోని పట్టుకున్నాడు. క్లారా దగ్గరికి చేరిన షకోన్‌ని పట్టుకున్నాడు. బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. వాద్యబృందాలకి నాయకత్వం వహించాడు. తాను వాయించి చూపించడానికి లేదు కనక, కావలసినదేమిటో మాటల్లో చెప్పడం నేర్చుకున్నానని, అందువల్ల మంచి గురువునయ్యానని తరవాత చెప్పుకున్నాడు.

1981లో అతనికి ఒక ఆపరేషను చేశారు. ఏ ఆపరేషనో తెలుసా? నాకు చేసినదే, కార్పల్ టనెల్! అది చదివినప్పుడు మంచం మీద లేచి కూచున్నాను. ఆపరేషను తరవాత చెయ్యి తేలికపడింది. 1982 సెప్టెంబరులో బాల్టిమోర్‌లో కొత్త సంగీతభవనం ప్రారంభోత్సవానికి, రెండు చేతులతో వాయించడానికి ఒప్పుకున్నాడు. దేశమంతా ఎదురుచూసింది. ముందు అనుకున్న పెద్ద రచనని చేతికి భారమని మార్చుకుని, మరో రచన వాయించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతనికి మాత్రం తెలుసు, చెయ్యి ఇంకా రాలేదని. ఆ చప్పట్లకి లొంగకుండా మళ్ళీ ఎడమచేతికే వెళ్ళిపోయాడు. అసలు జబ్బు మణికట్టు నరంలో లేదు, డిస్టోనియా అని తరవాత తేలింది. 1990ల్లో కండరాలు బిగిసిపోకుండా చేసే ఇంజక్షన్లు, ఒళ్ళు సడలించే మర్దనలు అతనికి పనిచేశాయి. 2004లో రెండు చేతులతో వాయించిన రికార్డు వచ్చింది. దాని పేరే 'రెండు చేతులు'. అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. 2020లో, తొంభై రెండేళ్ళ వయసులో పోయాడు. పాఠాలు చెప్పడం చివరిదాకా మానలేదు.

ఈ కథలన్నీ చదివాక నాకు ఒకటి బాగా తెలిసింది. సాధన అంటే వేళ్ళు ఆడించడమే అనుకున్నవాళ్ళు, వేళ్ళు ఆగగానే భయపడి వాటిని హింసించారు. లేకపోతే సాధనే మానేశారు. సాధన వేళ్ళకంటే లోపల ఎక్కడో ఉందని తెలుసుకున్నవాళ్ళు వేళ్ళకి సెలవివ్వగలిగారు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. బ్రామ్స్ మనసులో మోగించుకోవడం గురించి రాశాడని చెప్పాను కదా, దానికి 1995లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. పాస్కువల్-లియోనె అనే నరాల వైద్యుడు, ఆయన సహచరులు, పియానో రానివాళ్ళని కొందరిని తీసుకుని అయిదువేళ్ళ పాఠం ఒకటి ఇచ్చారు. ఒక జట్టు రోజుకి రెండు గంటల చొప్పున అయిదు రోజులు వాయించింది. ఇంకో జట్టు అంతసేపూ పియానో ముందు కూచుని, వేళ్ళు కదపకుండా, వాయిస్తున్నట్టు ఊహించుకుంది. మెదడులో వేళ్ళని నడిపే భాగాన్ని పరీక్షిస్తే రెండు జట్లలోనూ ఒకేలాంటి మార్పు కనిపించింది. వాయించినవాళ్ళకే చెయ్యి ఎక్కువ తిరిగిన మాట నిజమే. కానీ ఊహించుకున్నవాళ్ళు ఒక్క రెండు గంటలు వాయించగానే వాళ్ళ సరసకి వచ్చేశారు.

మన సంగీతంలో ఇది కొత్త సంగతేమీ కాదు. వీణ అయినా, వయొలిన్ అయినా, ముందు నోటితో పాడిస్తారు. సరళివరసలు, జంటవరసలు, గీతాలు, వర్ణాలు అన్నీ గొంతుతో వచ్చాకే తీగ మీదికి. తాళం చేతిలో, స్వరం నోట్లో. పియానో వాళ్ళకి చెక్కపెట్టె కావలసివచ్చింది గానీ, మనకి గురువులు ఆ పెట్టెని చిన్నప్పుడే గొంతులో పెట్టి పంపారు. మనమే దాన్ని మరిచిపోయి, వీణకి గలేబు తొడగగానే సంగీతానికీ తొడిగేస్తాం.

నేను ఏం చేశానో చెబుతాను. అందరూ ఇలాగే చెయ్యాలని కాదు. మొదటి పన్నెండు రోజులూ వీణ జోలికి వెళ్ళలేదు. ఫోనులో తంబురా పెట్టుకుని, వంటింట్లో కూచుని, భైరవి అటతాళ వర్ణం లోగొంతుతో పాడుకున్నాను. అటతాళానికి పద్నాలుగు అక్షరాలు కదా! అలవాటు లేని ఎడమచేత్తో లెక్క వేస్తూ మూడుసార్లు తప్పాను. నలభై ఏళ్ళుగా వాయిస్తున్న వర్ణంలో ఏ స్వరం ఎక్కడ పడుతుందో నాకు సరిగా తెలియదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ వేళ్ళకి తెలుసు, నాకు తెలియదు. కుట్లు విప్పాక, డాక్టరుగారిని అడిగి, మా వారి చేత వీణ తీయించి పెట్టించుకుని, కుడిచేత్తో మీటకుండా ఎడమచెయ్యి మాత్రం మెట్ల మీద నడిపించాను. మా మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, మ్యూట్‌లో వాయిస్తున్నావా?" అని నవ్వింది. ఆరోవారంలో మొదటిసారి కుడిచేత్తో మీటాను. పది నిమిషాలే. మర్నాడు కాస్త సలిపింది. క్లారా అర అడుగు వెనక్కి వేసిన సంగతి గుర్తు తెచ్చుకుని రెండురోజులు ఆగాను, మానలేదు.

మీలో ఎవరికైనా ఆపరేషను కావలసి ఉంటే, డాక్టరుగారిని అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటి చేర్చండి. "ఎప్పటినుంచి వంట చేసుకోవచ్చు?" అన్నదాని పక్కనే "ఎప్పటినుంచి వాయించుకోవచ్చు?" అని కూడా అడగండి. ఏ వాయిద్యమో, ఎలా కూచుంటారో, ఎంత బరువో చెప్పండి. కడుపు మీద కోత ఉన్నవాళ్ళు వీణ ఎత్తడం, మఠం వేసుకుని కూచోవడం, వేణువు ఊదడం, ఒక్కొక్కటీ వేరువేరు సంగతులు. వాళ్ళకి మనం చెప్పందే తెలియదు. అంతకంటే ముఖ్యం, ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఇన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెడతానని ఒక తేదీ చెప్పి, కాలెండరు మీద గుర్తు పెట్టించండి. మూడు నెలలు ముప్ఫై ఏళ్ళు కాకుండా ఆపేది ఆ గుర్తొకటే.

ఈ కథంతా మొన్న మా అత్తయ్యకి ఫోనులో చెప్పాను. క్లారా సొరుగు దగ్గర నవ్వింది. పెట్టె మీద బొగ్గుతో మెట్లు గీసుకున్న దగ్గర ఏమీ మాట్లాడలేదు. చివరికి, "నాకిప్పుడు ఎందుకే ఇవన్నీ, తీగలన్నీ తుప్పుపట్టి ఉంటాయి" అంది. నేనూ రెట్టించలేదు. వారం తరవాత ఆవిడే ఫోను చేసింది. వాళ్ళబ్బాయి చేత వీణ అటక మీదినుంచి దింపించిందట. "అవునే, తీగల సెట్టు ఇప్పుడెంత ఉంటుంది?" అని అడిగింది.

ఆవిడకిప్పుడు డెబ్బై ఒకటి. క్లారా ఆఖరి కచేరీ నాటికి ఉన్న వయసే.